పాటకు టేపుంది సరే, అడుగు మాటేమిటి?

జాతర అనగానే మన కుర్రకారుకు ముందు గుర్తొచ్చేది స్టేజీ! ఒకప్పుడు రికార్డింగ్ డాన్సు, ఇప్పుడు డీజే బాక్సులు. చీడికాడ కానివ్వండి, మాడుగుల, చోడవరం కానివ్వండి... అభిమాన హీరో పాట పడిందా, ఇక ఈలలే ఈలలు. దాని మీద మాకేం కోపం లేదు. సినిమా పత్రికలో కూర్చుని సినిమా పాటను తిట్టేటంత అమాయకులం కాము. కాకపోతే అదే జాతరలో, స్టేజీకి అవతల, తప్పెటగుళ్ల దళం దిగిందనుకోండి. ఓ పది నిమిషాలు నిలబడి చూడండి.

15, 20 మంది ఉంటారు. కాళ్లకు గజ్జెలు, గుండెల మీద గుండ్రటి తప్పెట. రెండు చేతులా వాయించాలి, పాడాలి, గెంతాలి, మూడూ ఒకేసారి! మన హీరోగారికైతే పాట ఒకరు పాడతారు, వాయిద్యం ఇంకొకరు వాయిస్తారు, అడుగు డాన్సు మాస్టరు చెబుతాడు, తప్పితే రీటేకు. వీళ్లకు ఆ భోగం ఎక్కడిది? చివర్లో ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ సీమల్లో యాదవులు వానల కోసం, పశువుల క్షేమం కోసం గంగమ్మ తల్లిని కొలుస్తూ పెంచుకున్న ఆట ఇది.

మాడుగుల దాటి ఘాటీ ఎక్కితే పాడేరు, ఆపైన అరకు. అక్కడ ఆట తీరే వేరు. థింసాలో ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, మోరి, కిరిడి, తుడుము మోతకు పాములా మెలికలు తిరుగుతారు. గ్రామదేవతకు బోడ థింసా, పులి నుంచి తప్పించుకోవడం చూపే బాగ్ థింసా, ఆకులేరే పోతర్ తోలా... ఎన్ని రకాలో!

ఈ సొత్తును సినిమా చూడకపోలేదు. వంగపండు ప్రసాదరావు (1943–2020) కట్టిన పాట మాటలు 2009లో ‘మగధీర’లో మారుమోగాయి. ‘పలాస 1978’ (2020)లో నక్కిలీసు గొలుసు పాట ఎంత హిట్టో మీకే తెలుసు. అలా పాట తెర మీదికొచ్చింది. అడుగు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

ఉంటే ఏం గురూ, నష్టమేమిటి అంటారా? అయితే కాస్త దూరం, కంబోడియా దాకా వెళ్లొద్దాం. మన రామాయణాన్ని ‘రియామ్‌కేర్’ పేరుతో నాట్యమాడే దేశం అది. అక్కడి దేశాధినేత నరోదమ్ సిహనూక్ సినిమా పిచ్చి ఉన్న మనిషి. 1966లో స్వయంగా ‘అప్సర’ అనే చిత్రం తీసి, అందులో కూతురు బొప్ఫా దేవిని నటింపజేశాడు. ఆమె ఆస్థాన నాట్యంలో పేరుమోసిన అప్సరస. అదే రోజుల్లో సిన్ సిసమూత్, రోస్ సెరే సోథియా అనే గాయనీ గాయకులు, జనం గుండ్రంగా తిరిగి ఆడే రోమ్‌వోంగ్ పాటలూ పాడారు, గిటార్ల రాక్ పాటలూ పాడారు. దేశమంతా వాళ్ల గొంతులే!

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు నోమ్‌పెన్‌లో అడుగుపెట్టాయి. 1979 జనవరిలో వాళ్ల పాలన కూలేసరికి ఆ గాయకులిద్దరూ లేరు. నాట్యకళాకారుల్లో నూటికి 90 మంది బతకలేదని చెబుతారు.

పాటలు తిరిగొచ్చాయి. ఎక్కడెక్కడో దాగిన రికార్డులు, క్యాసెట్లు బయటికొచ్చి, కాపీల మీద కాపీలు పడ్డాయి. వాటి కథతో 2014లో డాక్యుమెంటరీ కూడా వచ్చింది. నాట్యం అలా రాలేదు సుమండీ! బతికి బయటపడ్డ చియా సామి వంటి వృద్ధ గురువులు పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, వేలు వేలునూ వెనక్కి వంచి నేర్పితే తప్ప రాలేదు. 2003లో ఆ రాజనాట్యాన్ని యునెస్కో గుర్తించింది.

మన దగ్గర తుపాకుల బాధ లేదు, దేవుడి దయ. కానీ తప్పెట కట్టే కుర్రాడు పని వెతుక్కుంటూ వలసపోయినా అడుగు ఆగిపోతుంది కదా!

అందుకే కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతరలోనో, మీ ఊరి పండగలోనో దళం కనిపిస్తే సెల్‌ఫోనులో వీడియో తీసి ఊరుకోకండి. దళం పెద్దాయన్ని “ఎవరి దగ్గర నేర్చావు తాతా?” అని అడగండి. ఆయన ఒప్పుకుంటే తప్పెట ఒక్కసారి కట్టుకుని నాలుగడుగులు వేయండి. హీరో స్టెప్పు వచ్చిన కాళ్లకు ఇది ఎందుకు రాదో మాకు ఉత్తరం రాయండి, వేస్తాం.

జముకుల కథ సంగతి వచ్చే వారం.