పట్టపురాణి, చిన్నరాణి

చైనా ఆఖరి పట్టపురాణి వాన్‌రోంగ్ గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట కనిపిస్తుంది: నల్లమందుకి బానిసై పాడైపోయిందని. 1987లో వచ్చిన 'ది లాస్ట్ ఎంపరర్' సినిమా చూసినవాళ్లకీ ఆమె అలాగే గుర్తుండి ఉంటుంది. నాకు మాత్రం ఆ ఇంటికే కోడలిగా వచ్చిన ఇంకో అమ్మాయి కూడా గుర్తొస్తుంది. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ అసలు సంగతి బోధపడదు.

మంచూల చింగ్ వంశం 1912లోనే గద్దె దిగింది. అయినా పసివాడైన చక్రవర్తి పూయీని బిరుదుతో సహా బీజింగ్ కోటలోనే ఉండనిచ్చారు. 1922లో అతనికి పెళ్లి తలపెట్టారు. నాలుగు ఫోటోలు చేతికిచ్చి, నచ్చిన పిల్ల మీద గుర్తు పెట్టమన్నారు. అతను మొదట గుర్తు పెట్టింది వెన్‌షియు అనే అమ్మాయికి. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. కలిగినవాళ్ల పిల్ల, అందగత్తె, వాన్‌రోంగ్ అయితే బాగుంటుందన్నారు. సరేనని ఆ ఫోటో మీదా గుర్తు పెట్టాడు. చక్రవర్తి ఒకసారి ఎంచిన పిల్లని ఇంకొకరికి ఇవ్వకూడదట! అలా వెన్‌షియు చిన్నరాణి అయింది. పదహారేళ్ల వాన్‌రోంగ్ పట్టపురాణి అయింది.

1924లో కోట నుంచి వెళ్లగొడితే అందరూ తియాన్‌జిన్ చేరారు. రాజ్యం లేకపోయినా మర్యాదలకి మాత్రం లోటు లేదు. కాపురమే లేదు. 1931లో వెన్‌షియు ఇల్లు విడిచి వెళ్లిపోయి, లాయర్ల ద్వారా విడాకులు అడిగింది. సొంత వంశంలోని అన్నే పత్రికకెక్కి ఆమెని చీవాట్లు పెట్టాడు. ఆమె బెదరలేదు. విడాకులు తీసుకుంది, బడిలో పాఠాలు చెప్పింది, మళ్లీ పెళ్లి చేసుకుంది. సుఖపడిపోయిందని నేననను. డబ్బుకి ఇబ్బందులు పడింది, 1953లో పోయింది. కానీ తన బతుకు తను బతికింది.

వాన్‌రోంగ్ వెళ్లలేదు. 1932లో జపాన్‌వాళ్లు మంచూరియాలో పూయీని కీలుబొమ్మ పాలకుణ్ణి చేస్తే వెంట వెళ్లింది. అక్కడ మిగిలింది నిఘా, ఒంటరితనం, నల్లమందు. కన్న బిడ్డ పుట్టగానే పోయింది. 1945లో జపాన్ ఓడిపోయాక భర్త ఆమెని వెనక వదిలేసి విమానం ఎక్కాడు. 1946 జూన్‌లో యాన్‌జీ జైల్లో చనిపోయింది. అప్పటికి నలభై కూడా నిండలేదు. ఎక్కడ పూడ్చారో తెలియదు.

తర్వాత పూయీ తన ఆత్మకథలో ఒక మాట రాశాడు. తియాన్‌జిన్‌లో ఉన్నప్పుడే వెన్‌షియు లాగా తననుంచి విడిపోయి ఉంటే వాన్‌రోంగ్‌కి ఆ గతి పట్టేది కాదేమోనని. అక్కడితో ఆగితే బాగుండేది. ఆమెకి పట్టపురాణి హోదా మీద మోజని, పేరుకి భార్యగా ఉండటానికైనా సిద్ధపడింది కానీ ఆ హోదా వదులుకోలేదని కూడా అన్నాడు.

నేను ఒప్పుకోనిది ఇక్కడే. హోదా మీద మోజు ఆ పిల్లకి పుట్టుకతో వచ్చిందా? మత్తు దిగి తెలివిలో ఉన్నప్పుడు, చక్రవర్తికి మామ అనిపించుకోవాలని నా బతుకు బలి చేశాడని తండ్రిని తిట్టుకుంటూ ఏడ్చేదట. అది రాసిందీ పూయీనే. అంటే ఆ హోదా ఎవరికి కావాల్సి వచ్చిందో ఆమెకి బాగానే తెలుసు. చిన్నరాణికి పోయేది తక్కువ, అందుకే గడప దాటగలిగింది. పట్టపురాణి దాటితే పుట్టింటి పరువంతా పోతుంది.

మన ఇళ్లలో రాణులు లేరు కానీ ఈ లెక్క మాత్రం ఉంది. 'అంత పెద్ద సంబంధం, ఎలా వదులుకుంటావే' అనేది సాధారణంగా అత్తింటివాళ్లు కాదు, మనమే. పెళ్లప్పుడు నలుగురిలో మనం ఎంత గొప్ప చెప్పుకుంటే, పిల్ల వెనక్కి వచ్చే దారి అంత ఇరుకవుతుంది. సర్దుకుపోవడం తప్పని నేను చెప్పను, ఏ కాపురమైనా సర్దుబాటే. కానీ పిల్ల సర్దుకుంటున్నది కాపురం కోసమా, మన గొప్ప కోసమా అని తల్లిదండ్రులుగా ఒక్కసారి అడుగుదాం. 'ఇక్కడ ఉండలేనమ్మా' అని అది ఫోన్ చేసిన రోజున, నలుగురూ ఏమంటారన్నది పక్కన పెట్టి, 'ఎప్పుడొస్తున్నావు?' అని ముందు అడుగుదాం. మిగతావి ఇంటికొచ్చాక మాట్లాడుకోవచ్చు.