స్టేషన్ దిగితే హక్కు పోతుందా?

పాలమూరు నుంచి రైలెక్కి సికింద్రాబాదులో దిగిన మాదిగ కూలీని సర్కారు నిరుద్యోగి అనదు. 2005 ఉపాధి హామీ చట్టం ఏమన్నది? పని అడిగిన 15 రోజుల్లో చూపకుంటే భృతి కట్టాలె: మొదటి 30 రోజులు కూలిలో కనీసం పావు వంతు, తర్వాత కనీసం సగం. అదీ ఊళ్లో ఉంటేనే! అడ్డా మీద పొద్దెక్కేదాకా నిలబడి ఉత్త చేతులతో మళ్లే మనిషికి అట్లాంటి చట్టం ఈనాటికీ లేదు. ఆకలికి పల్లె, పట్నం ఉంటయా అని మేం అడుగుతున్నం.

ఊళ్లోనన్నా దక్కిందా? తేదీ వేసిన రసీదు లేకుంటే 15 రోజుల లెక్కే మొదలుకాదు. అందుకే రసీదు అడిగితే రేపు రమ్మంటరు. నోటితో అడగొద్దు, కాగితం మీద అడగండి. రసీదు చేతికొచ్చేదాకా కదలొద్దు.

2018 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు నెలకు 1000 రూపాయల భృతి మొదలుపెట్టింది, డిగ్రీ, డిప్లొమా ఉన్నోళ్లకు. తరాల తరబడి బడి గడప తొక్కనియ్యని వాళ్లను పట్టా చూపమంటే ఏం న్యాయం? అదే ఏడాది తెలంగాణ ఎన్నికల్లో టీఆర్ఎస్ 3016 ఇస్తమన్నది. 2023లో దిగిపోయేదాకా ఇయ్యలేదు.

కేరళలో 2010లో పట్టణ పేదలకు 100 రోజుల పని పథకం పెట్టి అయ్యంకాళి పేరు పెట్టిండ్రు. దళిత పిల్లల చదువు కోసం పొలం పనులు బందు పెట్టించిన అయ్యంకాళి ఆయన. హైదరాబాదులో 2023లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలిపినోళ్లకు, ఆయన పేరు మీద అడ్డా కూలీకి 100 రోజుల పని చూపాలని తోచలేదు.