గుండెదడ వస్తే ప్రేమేనా?

"డాక్టరుగారూ, మా అమ్మాయికి గుండెజబ్బేమో చూడండి" అంటూ ఒక తల్లి ఇరవై నాలుగేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. రెండు నెలలుగా ఆ అమ్మాయికి గుండెదడ, అరచేతుల్లో చెమట. రాత్రిళ్ళు నిద్ర లేదు, అన్నం సహించడం లేదు. ఇ.సి.జి. తీయించాం. రక్తహీనతకూ, థైరాయిడ్‌కూ పరీక్షలు చేయించాం. అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

తల్లిని కాసేపు బయట కూర్చోమని, "ఈ దడ ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?" అని అడిగాను. తటపటాయిస్తూ చెప్పింది: "అతను నా మెసేజి చూసి కూడా జవాబు ఇవ్వనప్పుడు."

అతను రెండు నెలల క్రితం పరిచయమైన యువకుడు. ఆదివారాలు కలుసుకుంటున్నారు. ఇప్పటివాళ్ళు డేటింగ్ అంటున్నది దీన్నే. ఒకరోజు గంటలకొద్దీ మాట్లాడతాడు. తర్వాత నాలుగు రోజులు ఉలుకూ పలుకూ ఉండదు. "ఇంత దడ వస్తోందంటే నాది నిజమైన ప్రేమే కదండీ?" అని ఆ అమ్మాయి ప్రశ్న. ఈ సందేహం మీలో చాలామందికి ఉండవచ్చు.

దడ ఎందుకు వస్తుంది?

మన మూత్రపిండాలపైన ఎడ్రినల్ గ్రంథులని ఉంటాయి. ఏదో ఆపద వచ్చిందని మెదడు అనుకోగానే ఇవి ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, చెమట పడుతుంది, కడుపులో తిప్పినట్లుంటుంది. కుక్క తరిమినా, పరీక్ష ఫలితాలు వస్తున్నా, ఇష్టమైన మనిషి ఎదురుపడినా వచ్చేది ఇంచుమించు ఈ దడే. దానికి అర్థం చెప్పుకునేది మనసు. అక్కడే మనం పొరబడుతుంటాం.

1974లో డటన్, ఏరన్ అనే శాస్త్రజ్ఞులు కెనడాలో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. కెపిలానో నదిమీద చాలా ఎత్తున ఊగుతూ ఉండే వంతెన ఒకటి ఉంది. దానిమీద నడిచే మగవాళ్ళను ఒక యువతి కొన్ని ప్రశ్నలడిగి, తన ఫోన్ నంబరు ఇచ్చింది. తీసుకున్న 18 మందిలో 9 మంది తర్వాత ఫోన్ చేశారు. తక్కువ ఎత్తులో, కదలకుండా ఉండే వంతెన దగ్గర నంబరు తీసుకున్న 16 మందిలో చేసింది ఇద్దరే! వంతెన భయంతో పుట్టిన దడను కొందరు ఆ యువతిమీద ఆకర్షణగా అనుకున్నారని ఆ శాస్త్రజ్ఞులు భావించారు.

మా పేషెంటుదీ ఇదే వరస. రేపు ఉంటాడో, ఉండడో తెలియని మనిషి ఊగే వంతెనవంటివాడు. అక్కడ కొట్టుకునే గుండె చెబుతున్నది "భయంగా ఉంది" అని. మనం వింటున్నది "ప్రేమగా ఉంది" అని.

ఎందుకు వదల్లేకపోతాం?

గింజ ఎప్పుడు పడుతుందో తెలియకపోతే పావురం మీటను విడవకుండా పొడుస్తూనే ఉంటుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చూపాడు. ఎప్పుడు వస్తుందో తెలియని జవాబు కోసం ఫోను పదేపదే తీసి చూడటమూ అటువంటిదే. ఇది మీ బలహీనత అని సిగ్గుపడకండి. మెదడు పనిచేసే తీరే అంత.

కొందరికి ఈ బెంగ మరీ ఎక్కువ. హేజన్, షేవర్ అనే పరిశోధకులు అమెరికాలో ఒక పత్రిక పాఠకులను ప్రశ్నించి, ఫలితాలను 1987లో ప్రచురించారు. సుమారు 56 శాతం మంది దగ్గరితనంలో నిశ్చింతగా ఉంటామన్నారు. సుమారు 25 శాతం మంది ఎవరైనా దగ్గరైతే ఇబ్బందిపడేవారు. 19 శాతం మంది వదిలేస్తారేమోనని బెంగపడేవారు. బెంగపడేవారికి దూరం జరిగేవారు తటస్థపడితే ఒకరు తరుముతుంటారు, మరొకరు పరిగెడుతుంటారు.

ఏం చేయాలి?

ముందు దడకు శరీరంలో కారణం లేదని వైద్యుడిచేత నిర్ధారణ చేయించుకోండి. ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే ఆలస్యం చేయవద్దు. కాఫీ, టీలు తగ్గించండి. పడుకునే గదిలో ఫోను ఉంచకండి.

దడ వచ్చిన క్షణాన మెసేజి పెట్టకండి. అరగంట ఆగండి, అటూ ఇటూ నడవండి. అలగడం, పరీక్షలు పెట్టడం మాని, కావలసింది ఒక్కసారి సూటిగా అడగండి: "రోజూ మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఎప్పుడు మాట్లాడతారో చెప్పండి చాలు." జవాబుకంటే తర్వాతి నడవడిని గమనించండి. ఇక ఫోను పాస్‌వర్డు అడగడం, ఎక్కడున్నావో ఫొటో పంపమనడం ప్రేమ కాదు, అజమాయిషీ.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు నోరు విప్పినప్పుడు మందలించకండి. ఇంట్లో చెప్పుకోలేకనే దడ ఆసుపత్రి దాకా వస్తుంది. నిద్ర, తిండి రెండు వారాలు దాటి చెడినా, బ్రతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా మానసిక వైద్యుణ్ణి కలవాలి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. సూటిగా అడిగిందట. "ఇలాంటివన్నీ నావల్ల కాదు" అన్నాడట అతను. "దడ పోయిందండీ. కానీ బాధగా ఉంది" అంది. బాధ జబ్బు కాదమ్మా, మానే గాయం అన్నాను. ఈసారి తల్లిని బయట కూర్చోమనవలసిన అవసరం రాలేదు.