చుక్కల్లో వెతికితే మందు దొరికినట్టేనా?

'కోట్ల కణాలను గంటల్లో జల్లెడ పట్టారు.. కొత్త మందు దొరికింది'. ఇలాంటి వార్త చూడగానే, ఇంట్లో మొండి జబ్బుతో బాధపడేవారుంటే ఆశ పుట్టటం సహజం. ఇవి ఒట్టి మాటలేమీ కావు. కానీ మందును వెతికి పట్టుకోవటం వేరు, అది రోగికి పనిచేయటం వేరు. ఈ తేడా తెలుసుకుంటే అనవసర నిరాశ తప్పుతుంది.

వెతికేదెలా?

చారు మీద నూనె బొట్లు విడివిడిగా తేలటం చూసే ఉంటారు. ఇక్కడ దానికి తలకిందులు. సన్నని మార్గాల్లో పారే నూనెలో నీటి చుక్కలు వరసగా పుడతాయి. ఒక్కోటి కొన్ని పికోలీటర్లే. ఒక మిల్లీలీటరుకు 100 కోట్ల పికోలీటర్లంటే ఎంత చిన్నవో ఊహించుకోండి! ఒక్కో చుక్కలో ఒక్కో కణాన్ని బంధిస్తారు. అది ఆశించిన పని చేస్తే చుక్క మెరుస్తుంది. లేజర్ దాన్ని గుర్తిస్తే, విద్యుత్తు పక్కదారికి మళ్లిస్తుంది. అంటే ప్రతి చుక్కా ఒక పరీక్షనాళికే అన్నమాట.

హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఈ పద్ధతితో సుమారు 10 కోట్ల ఎంజైమ్ పరీక్షలను 10 గంటల్లో ముగించారు. ఖర్చయిన ద్రావణాలు 150 మైక్రోలీటర్ల లోపే. అంటే దాదాపు మూడు బొట్లు! మామూలు ఎంజైమ్ కన్నా 10 రెట్లకు పైగా చురుకైన రకాలు దొరికాయి.

కొవిడ్ చెప్పిన పాఠం

కెనడాకు చెందిన ఆబ్‌సెల్లెరా సంస్థ 2020లో చుక్కలకు బదులు చిప్‌లోని అతి చిన్న గదులను వాడింది. కొవిడ్ నుంచి కోలుకున్న వ్యక్తి రక్తంలోని 50 లక్షలకు పైగా రోగనిరోధక కణాలను వడపోసి, 500కు పైగా యాంటీబాడీలను గుర్తించింది. వాటిలోంచి వచ్చిందే బామ్లానివిమాబ్. సుమారు 3 నెలల్లోనే మనుషులపై ప్రయోగాలు మొదలయ్యాయి. నవంబరులో అమెరికా అత్యవసర అనుమతి ఇచ్చింది. ఇంతలో వైరస్ రూపు మార్చుకుంది. దీన్నొక్కదాన్నే ఇచ్చే అనుమతిని 2021 ఏప్రిల్‌లో రద్దు చేశారు.

చుక్కలు వెతుకులాటను వేగవంతం చేస్తాయి. మందు సురక్షితమా, ఎంత మోతాదు కావాలి, ఎంతకాలం పనిచేస్తుంది? వీటికి జవాబు చెప్పాల్సింది మనుషులపై చేసే ప్రయోగాలే. వాటికి సమయం పడుతుంది.

కాబట్టి ఇలాంటి వార్త చదివినప్పుడు ఒకటి చూడండి. పరిశోధన ప్రయోగశాలలోనే ఉందా, మనుషుల దాకా వచ్చిందా? వస్తే ఏ దశలో ఉంది? అంతేగానీ కొత్తది వస్తోందని ఇప్పుడు వాడుతున్న మందులను సొంతంగా ఆపెయ్యొద్దు. సందేహాలుంటే డాక్టర్‌నే అడగండి.