గొట్టం తీశాక మళ్ళీ ఆక్సిజన్ ఎందుకు?

"మా వారికి గుండె ఆపరేషను అయింది. నోట్లో గొట్టం తీసేశారని సంతోషించేలోగా ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. కేసు తిరగబెట్టిందా డాక్టరు గారూ?" అని రాజోలు నుంచి ఒక సోదరి అడిగారు. మన కోనసీమలో ఆక్సిజన్ అంటే ఆఖరి ఘడియ అనే భయం ఇంకా పోలేదు.

తిరగబెట్టలేదమ్మా. ఆపరేషనులో రొమ్ము ఎముకను నిలువునా కోస్తారు. గుండె పని యంత్రం చేస్తున్నంత సేపూ ఊపిరితిత్తులు ముడుచుకుని ఉంటాయి. తరవాత నొప్పికి జడిసి రోగి నిండుగా ఊపిరి తీయడు, దగ్గడు. కఫం అడుగున చేరుతుంది. గొట్టం ఉన్నంత వరకు గాలిని యంత్రం నెట్టింది, ఇప్పుడు ఆ కష్టమంతా రోగిదే. అందుకే ఈ ఆసరా.

చాలామందికి ముక్కు దగ్గర సన్నగొట్టమో, మామూలు మాస్కో సరిపోతుంది. చాలకపోతే వెచ్చజేసి, తేమ పట్టించిన గాలీ ఆక్సిజనూ నిమిషానికి 60 లీటర్ల దాకా పంపే సాధనం ఉంది. బిగుతు మాస్కుతో ఒత్తిడి పెట్టే యంత్రమూ ఉంది. శ్వాస ఇబ్బంది వచ్చిన, రావచ్చుననుకున్న 830 మంది మీద ఫ్రాన్సు డాక్టర్లు ఈ రెంటినీ పోల్చి, మొదటిది రెండోదానికి తీసిపోదని 2015లో తేల్చారు. ముఖానికి బిగించింది భరించలేని వారికి ఇది మంచి కబురే.

ఒకసారి ఒక ముసలాయనకి కాఫీ పట్టిద్దామని కొడుకు మాస్కు తీసి పక్కన పెట్టి, మళ్ళీ పెట్టడం మరిచాడు. పెదవులు నీలంగా మారడం నర్సమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. నర్సుని అడక్కుండా మాస్కు తీయకండి. ఆయాసం తగ్గుతుందని మీరే ఆక్సిజన్ పెంచకండి కూడా. ఏళ్ళ తరబడి చుట్టలు కాల్చి ఊపిరితిత్తులు చెడిన వారికి అది ఎక్కువైతే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది.

మీరు చేయగలిగింది వేరే ఉంది. రొమ్ముకి దిండు అదుముకుని దగ్గమనండి. మూడు బంతుల సాధనం ఇస్తారు. దాన్ని ఊదకూడదు, లోపలికి పీల్చాలి. సగం మంది బూర ఊదినట్టు ఊదుతూనే ఉంటారు! మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి, డాక్టరు చెప్పినన్ని సార్లు చేయించండి.

ఇంటికొచ్చాక పడుకుంటే ఆయాసం, జ్వరం, కాళ్ళ వాపు, గాయం నుంచి చీము, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకండి.

మీ వారు కొబ్బరి దింపు పనివారని రాశారు. కోసిన ఎముక అతకడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ తరవాత కూడా ఆపరేషను చేసిన డాక్టరు సరేననే దాకా చెట్టు ఎక్కనివ్వకండి.