పాప బడికెళితే ఆయా ఎక్కడికెళ్ళాలి?

మొన్న మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఒకావిడ కూచుని కళ్ళు తుడుచుకుంటోంది. రెండో అంతస్తులో పాపని మూడేళ్ళుగా చూసుకుంటున్న ఆయా. ఏమైందని అడిగితే, "పాప బడిలో చేరుతుందటమ్మా. వచ్చే నెల నుంచి నన్ను రావద్దన్నారు. అన్నం కలుపుకుని తినడం కూడా దానికి నేనే నేర్పాను" అంది.

పని సరిగ్గా చెయ్యకపోతే ఉద్యోగం పోతుందని మనకి తెలుసు. బాగా చేసినందుకు పోయే ఉద్యోగం మాత్రం ఇదేనేమో! పిల్లని ఎంత బాగా పెంచితే ఆయా అవసరం అంత త్వరగా తీరిపోతుంది.

ఆమె చెప్పిన రోజువారీ కష్టాలు పైకి చిన్నవే. పొద్దున ఎనిమిదికల్లా రావాలి. వెళ్ళే వేళ మాత్రం అమ్మగారి ఆఫీసుని బట్టి. అక్కడ మీటింగు సాగితే ఇక్కడ ఈమెకి బస్సు తప్పిపోతుంది. పాప నిద్రపోతే 'ఖాళీయే కదా' అని బట్టలు మడతపెట్టడం, గిన్నెలు కడగడం. టీవీ వద్దని అమ్మ, పెట్టమని నాయనమ్మ. జలుబు చేస్తే తప్పు ఆయాది. "కెమెరా పెట్టుకోవడం తప్పు కాదమ్మా, పెట్టామని ఒక మాట చెప్తే బాగుండేది" అంది. ఆమె కూతురేమో పక్కింటివాళ్ళ దగ్గర పెరుగుతోంది.

వీటన్నిటికన్నా పెద్ద బెంగ రేపటి గురించి. మూడేళ్ళు పనిచేసిన గుమాస్తా ఆ అనుభవం చూపించి ఎక్కువ జీతం అడగొచ్చు. ఈమె కొత్త ఇంట్లో మళ్ళీ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి. పాత ఇంటివాళ్ళు ఊరు మారిపోతే ఆ మూడేళ్ళకి సాక్ష్యమే ఉండదు.

చట్టాలు అసలు లేవని కాదు. అసంఘటిత కార్మికుల కోసం 2008లో వచ్చిన సామాజిక భద్రత చట్టం ఇళ్ళలో పనిచేసేవాళ్ళనీ కార్మికులుగానే లెక్కించింది. లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం వీళ్ళకీ వర్తిస్తుంది. వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది కానీ ఆమోదముద్ర వెయ్యలేదు. ఇంటిపనివాళ్ళకి ప్రత్యేక చట్టం అవసరమా అని పరిశీలించడానికి కమిటీ వెయ్యమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అయితే మన గడప దాటి లోపలికొచ్చి చూసేవాళ్ళెవరు?

2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. సంతోషమే. ఇరవై ఏడో వారం నుంచి ఎంతమంది ఉద్యోగాలు ఆయా చేతుల మీద నిలబడుతున్నాయో ఆలోచించండి.

ఒకరిని అనేముందు నా సంగతీ చెప్పుకోవాలి. మా చిన్నవాడిని ఒకావిడ మధ్యాహ్నాలు చూసేది. ఆ మధ్యాహ్నాల్లోనే నేను కథలు రాసుకున్నాను. వాడు బడిలో చేరగానే చీర పెట్టి, "నువ్వు మా ఇంటి మనిషివే" అంటూ పంపేశాను. ఇంటి మనిషిని అలా పంపేస్తామా? పోనీ, ఉద్యోగి అనుకుంటే నెల ముందు చెప్పాలి కదా! ఆవిడకి నేను ఆ మర్యాదా ఇవ్వలేదు, ఈ హక్కూ ఇవ్వలేదు.

చట్టం వచ్చేదాకా మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. జీతం, వేళలు, చెయ్యాల్సిన పనులు మొదటిరోజే కాగితం మీద రాసుకోవచ్చు. వారానికో సెలవు ఇవ్వచ్చు. ఆలస్యమైతే అదనంగా డబ్బివ్వచ్చు. మానిపించాల్సి వస్తే నెల ముందు చెప్పచ్చు, లేదా నెల జీతమివ్వచ్చు. వెళ్ళేటప్పుడు ఎన్నాళ్ళు పనిచేసిందో, ఎంత వయసు పిల్లల్ని చూసిందో రాసి, సంతకం పెట్టి, ఫోన్ నంబరుతో చేతికివ్వచ్చు.

రెండో అంతస్తు అమ్మాయితో ఈ మాటే అన్నాను. కాసేపు ఆలోచించి, "నాకు తోచనే లేదండీ" అని ఆ సాయంత్రమే రాసిచ్చింది. మా ఇంట్లో పనిచేసినావిడ ఇప్పుడెక్కడుందో వాకబు చేస్తున్నాను. అలాంటి ఉత్తరం ఒకటి ఆవిడకి నేనూ బాకీ ఉన్నాను.