మాత్ర మొదలైంది, మనసు కుదుటపడలేదు

సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని, మతి చలించినవారిని శాంతపరుస్తుందని కోల్‌కతా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో ప్రకటించారు. 1952లో ఆ వేరు నుంచి తీసిన రిసెర్పిన్ బీపీ మందుగా ప్రపంచమంతా పాకింది. దాన్ని వాడిన కొందరు దిగులులో కూరుకుపోతున్నారని డాక్టర్లు రాశారు. తప్పు మందుదేనా అన్నదానిపై తర్వాత వాదోపవాదాలు నడిచాయి. మందిచ్చాక మనసు సంగతీ అడగాలన్న పాఠం మాత్రం మిగిలింది.

డిప్రెషన్ మాత్రలకూ అదే పాఠం. మొదటి వారాల్లో కొందరికి ఆందోళన, చిరాకు, నిద్రలేమి పెరుగుతాయి. గుణం కనిపించడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇబ్బంది ముందు, ఊరట వెనుక. 'ఈ మందు పడలేదు' అని మానేసే ప్రమాదం ఈ మధ్యకాలంలోనే. మరికొందరికి కొన్నాళ్లకు ఏడుపూ రాదు, నవ్వూ రాదు.

ఓర్చుకోవడమో, మానేయడమో కాదు, డాక్టరుకు చెప్పడమే దారి. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చికాకు తప్పకపోవచ్చు. నిద్ర, కోపం, ఉత్సాహం ఎలా ఉన్నాయో రోజూ రెండు ముక్కలు రాసుకుంటే డాక్టరుకు పని సులువు.

నిద్ర లేకున్నా విపరీతమైన హుషారు కనిపిస్తే ఆలస్యం తగదు. అది బైపోలార్ లక్షణం కావచ్చు. పాతికేళ్లలోపు వారిలో ఆత్మహత్య ఆలోచనలపై అమెరికా ఎఫ్‌డీఏ 2007లోనే హెచ్చరించింది. అందుకే తొలి వారాల్లో ఇంట్లోవాళ్లు ఓ కన్నేసి ఉంచాలి. అలాంటి మాట వినిపిస్తే వెంటనే డాక్టరును కలవాలి. టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది.